పదికి ఆరు మార్కుల ఉత్తరం

కొత్త ఇంగ్లీషు మాస్టారు మొదటిరోజు ఇరవై నిమిషాలపాటు చాలా బాగా పాఠం చెప్పాడు. ఒక్కరూ వినలేదు. క్లాసులో ఉన్న తొమ్మిదిమందికీ చెవులు వినబడవు మరి.

ఆ సంగతి అతనికి తెలియక కాదు. వినబడని పిల్లలకి ఇంగ్లీషు రాయడం నేర్పడానికే కాలేజీవాళ్ళు అతన్ని తీసుకున్నారు. కానీ అలవాటు ఊరుకుంటుందా. చాక్‌పీసు చేతిలోకి రాగానే బోర్డు వైపు తిరిగిపోయాడు. రాస్తూ, రాసినదాన్ని బోర్డుకే వివరిస్తూ, మధ్యలో ఒక జోకు వేసి తనే నవ్వుకున్నాడు.

గదిలో లైట్లు ఆరి వెలిగాయి. కరెంటు సరిగ్గా లేదేమో అనుకుని కొనసాగించాడు. మళ్ళీ ఆరి వెలిగాయి. ఈసారి తిరిగి చూస్తే, తలుపు పక్కన స్విచ్చి మీద చెయ్యేసి ఒకమ్మాయి నిలబడి ఉంది. తాపీగా నడిచొచ్చి, ఫోనులో ఏదో టైపు చేసి అతని ముక్కు ముందు పెట్టింది.

"మీ వీపు పాఠం బాగా చెబుతోంది. కానీ దానికి పెదాలు లేవు."

మాస్టారికి చెవులదాకా వేడెక్కింది. "ఈ మాట ఇరవై నిమిషాల క్రితం చెప్పొచ్చు కదండీ" అన్నాడు. ఆమె అతని పెదాలు చదివి మళ్ళీ టైపు చేసింది.

"కొత్తవాళ్ళకి ఆపాటి మర్యాద ఇస్తాం."

అదే మాట చేతులతో పిల్లలకీ చెప్పింది. తొమ్మిదిమందీ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వితే ఆమె ఎడమ బుగ్గ మీద లోతుగా సొట్ట పడింది. మాస్టారు దాన్ని చూసి, చూడనట్టు డస్టర్ కోసం వెతుక్కున్నాడు. డస్టర్ చేతిలోనే ఉంది.

ఆమె కంప్యూటర్ ల్యాబులో టీచరు. పుస్తకాలకీ పత్రికలకీ పేజీలు ఎలా అమర్చాలో పిల్లలకి నేర్పుతుంది. ఎనిమిదో ఏట జ్వరమొచ్చి వినికిడి పోయింది. అప్పటికే వచ్చిన తెలుగు పోలేదు, తర్వాత చదువుకుని ఇంకా పదును పెట్టుకుంది. చేతులతో మాట్లాడటంలో ఆ కాలేజీలో ఆమెని మించినవాళ్ళు లేరు. అందుకే మాస్టారు బోర్డు మీద రాసినదాన్ని సైగల్లో విడమర్చి చెప్పే పని కూడా ఆమెకే అప్పగించారు. ఆమె సైగల్లో అన్నవీ, ఫోనులో రాసి చూపించినవీ ఇక్కడ మామూలు మాటల్లాగే రాస్తున్నాను. ఆమె వెక్కిరింతల రుచి కొంత తగ్గుతుంది, ఏం చెయ్యలేం.

వినబడనివాళ్ళలో ఒక పద్ధతుంది. ఎవరినైనా పూర్తి పేరుతో పిలవాలంటే ఒక్కో అక్షరం వేళ్ళతో కూర్చాలి, అంత ఓపిక ఎవరికుంటుంది. అందుకని మనిషిని చూసి ఒక సైగ పెట్టేస్తారు, అదే పేరు. ఎవరికి వాళ్ళు పెట్టుకోకూడదు, పెట్టినదాన్ని కాదనకూడదు. చూపుడువేలు బుగ్గకి ఆనిస్తే ఆమె, అంటే సొట్టబుగ్గ. చెయ్యి తలపైకి చాపితే ఆఖరి బెంచీ కుర్రాడు, అంటే పొడుగు. రెండు వేళ్ళు కళ్ళ చుట్టూ తిప్పితే అద్దాలమ్మాయి. మాస్టారికి పేరు పెట్టడానికి వాళ్ళకి వారం పట్టింది. అరచేతి మీద వేలితో పైనుంచి కిందికి ఒక గీత, బరబరా. ఎర్రపెన్ను.

ఆ పేరు ఊరికే రాలేదు. మొదటి వారం పిల్లలు రాసిన తొమ్మిది వ్యాసాలు అతను ఇంటికి పట్టుకెళ్ళి, తొమ్మిదింటినీ ఎర్రగా చేసి తెచ్చాడు. ఏ వాక్యాన్నీ వదిలిపెట్టలేదు. మనసు పెట్టి, కష్టపడి, ప్రేమగానే దిద్దాడు. రెండు నెలల్లో ఇంగ్లీషు పేపరు ఉంది. అది తప్పితే పిల్లలకి డిగ్రీ చేతికి రాదు.

"మీరు కూడా రాస్తారటగా ఆ పేపరు?" అని ఒకరోజు క్యాంటీన్లో ఆమెని అడిగాడు.

ఆమె ముఖంలో నవ్వు కొంచెం తగ్గింది. "రెండుసార్లు రాశాను. రెండుసార్లూ పోయింది. నాది ఇంకా టెంపరరీ పోస్టే. ఈసారి కూడా పోతే నా కుర్చీలో వేరేవాళ్ళు కూర్చుంటారని ప్రిన్సిపాల్ మేడమ్ చెప్పేశారు."

"అయితే మీరు కూడా ఏదైనా రాసివ్వండి, దిద్దిపెడతాను."

"చెప్పడానికి ఏదైనా ఉన్నప్పుడు రాస్తాను."

అలా మధ్యాహ్నం టీ వేళ ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. ఆమెకి ఇంగ్లీషులో ఏ సందేహం వచ్చినా అతను తీర్చాలి. అతనికి ఆమె సైగలు నేర్పాలి. కిటికీ పక్క బల్ల వాళ్ళదైపోయింది. ఆమె సందేహాలు రోజుకొకటి కూడా ఉండేవి కావు. అతని తప్పులకి మాత్రం అంతే లేదు. "నీళ్ళు కావాలి" అనబోయి "మీకు జలుబు చేసిందా" అనేవాడు. అక్కడికీ చేతులు ఎలాగోలా దారికొచ్చాయి, ముఖమే రాలేదు.

"క్షమించండి అన్నారు కదా ఇప్పుడు" అంది సొట్టబుగ్గ.

"అన్నాను. చెయ్యి తప్పు పెట్టానా?"

"చెయ్యి సరిగ్గానే ఉంది. మీ ముఖం సెలవులో ఉంది. మా భాషలో సగం ముఖమే. ఆ రాయి ముఖంతో క్షమించమంటే, కోర్టు నోటీసు ఇచ్చినట్టుంది."

ఆ రోజు వాన మొదలైంది. క్యాంటీన్ రేకుల మీద పడే మోతకి చుట్టుపక్కల బల్లల దగ్గర అందరూ గొంతు పెంచి అరుచుకుంటున్నారు, ఎవరి మాటా ఎవరికీ అందటం లేదు. వీళ్ళిద్దరి కబుర్లకి మాత్రం ఏ అడ్డూ లేదు. ఆమె అతనికి వాన సైగ నేర్పించింది. తుంపరకి వేళ్ళు మెల్లగా దిగాలి, జడివానకి మోచేతులదాకా కదలాలి. అతను జడివాన కురిపించబోయి టీ గ్లాసు ఒలకబోశాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అతను తుడుచుకుంటూ ఆ సొట్ట వైపు చూశాడు, ఈసారి చూడనట్టు నటించడం మర్చిపోయాడు. ఆమె చూసింది. ఇద్దరూ వెంటనే కిటికీ వైపు తిరిగి, ఎన్నడూ వాన ఎరగనివాళ్ళలా దాన్ని చూస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాతి వారం అతను పిల్లలకి ఒక పని ఇచ్చాడు. మీకు ఎవరితో మాట్లాడాలని ఉందో వాళ్ళకి ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాయండి అన్నాడు. మర్నాడు సాయంత్రం ఇంట్లో బల్ల మీద కట్ట విప్పితే పది కాగితాలున్నాయి. తొమ్మిదిమందికి పది ఎలా వచ్చాయో అతను ఆలోచించలేదు. ఎవరో ఉత్సాహంకొద్దీ రెండు రాసి ఉంటారనుకున్నాడు. మార్కుల ఆశతో నలుగురు మాస్టారికే ఉత్తరం రాశారు, అందులో ఇద్దరు అతన్ని ఆకాశానికెత్తేశారు.

పదోది కూడా మాస్టారికి రాసిందే. కింద పేరు లేదు. అందులో ఉన్నదాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: మీ చేతులు ఇంకా తప్పటడుగులు వేస్తున్నాయి. నేను పక్కన నడుస్తాను, తొందర లేదు. పొద్దున్న గడియారం నిద్రపోతుంది. టీ వేళకి పరిగెడుతుంది. నాకు ఆ గడియారం మీద కోపం. మీరు వెళ్ళాక గ్లాసు ఇంకా వెచ్చగా ఉంటుంది. నేను చూస్తాను.

మీకూ నాకూ ఇది ఎవరు రాశారో తెలిసిపోయింది. మాస్టారికి తెలియలేదు. చేతిలో ఎర్ర పెన్నుంటే అతనికి కాగితంలో తప్పులు తప్ప మనుషులు కనబడరు. గడియారం నిద్రపోవడం కొట్టేశాడు. కోపం కొట్టేశాడు. గ్లాసు వాక్యం మీద ప్రశ్న గుర్తు పెట్టాడు. కింద ఇలా రాశాడు: భావం బాగుంది, స్పష్టత లేదు. పదికి ఆరు.

అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు క్లాసులో ఆ ఉత్తరంలోని నాలుగు వాక్యాలు బోర్డు మీదికి ఎక్కించి, వాటిని ఎలా బాగుచెయ్యాలో ఉదాహరణగా చూపించాడు. పక్కనే నిలబడి దాన్ని సైగల్లో పిల్లలకి వివరించాల్సింది సొట్టబుగ్గ.

ఆమె బోర్డు మీది నాలుగు వాక్యాలూ చదివింది. తర్వాత చేతులు లేపి, ఏ వాక్యంలో ఏం తప్పో, మాస్టారు దాన్ని ఎలా మార్చారో, పూర్తిగా, ఏదీ వదలకుండా చెప్పింది. గడియారానికి నిద్ర ఉండదని చెప్పింది. వెచ్చని గ్లాసు ఎవరికీ అర్థం కాదని చెప్పింది. రెండో వాక్యం దగ్గరే అద్దాలమ్మాయి తల దించుకుంది. నాలుగో వాక్యానికి క్లాసంతా తల దించుకుంది. వాళ్ళ భాషలో ముఖం అబద్ధం చెప్పదు.

"ఇది ఎవరిది?" అని మాస్టారు కాగితం పైకెత్తాడు. "పేరు రాయలేదు. ఎవరిదైనా సిగ్గుపడక్కర్లేదు."

సొట్టబుగ్గ వచ్చి కాగితం అతని చేతిలోంచి తీసుకుంది. నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. అప్పుడు అర్థమైంది మాస్టారికి. డస్టర్ తీసుకుని బోర్డు మీది నాలుగు వాక్యాలూ తుడిచేశాడు.

సాయంత్రం మాస్టారి వదిన తన మందుల షాపు మూసి ఇంటికి వచ్చేసరికి, మరిది అన్నం ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఈ ఇంట్లో అతనికి ఏదైనా చెప్పుకోవాలంటే వదినకే చెప్పుకుంటాడు. అన్నయ్యకి చెబితే సలహా ఇస్తాడు. వదినకి చెబితే ముందు నవ్వుతుంది, తర్వాత పనికొచ్చేది చెబుతుంది.

"ప్రేమలేఖకి మార్కులేసిన మనిషిని ఇదిగో ఇవాళే చూస్తున్నాను" అంది వదిన మొత్తం విని. "ఇంతకీ ఎన్ని వేశావు?"

"ఆరు."

"పదికి ఆరేనా? మీ అన్నయ్య నాకు రాసినదానికి నేనైతే మూడు కూడా వేసేదాన్ని కాదు. అయినా చేసుకున్నాను."

"నవ్వకు వదినా. ఆ అమ్మాయి అందరి ముందూ నిలబడి తన ఉత్తరంలో తప్పులు తనే చెప్పింది. నేను పక్కన నిలబడి తల ఊపాను."

వదిన నవ్వు ఆపింది. "నువ్వు తప్పులు దిద్దావని కాదయ్యా బాధ. ఉత్తరం రాస్తే మనిషి జవాబు కోసం చూస్తుంది. నువ్వు జవాబు ఇవ్వాల్సిన చోట మార్కు ఇచ్చావు." తర్వాత అన్నం కంచం అతని ముందునుంచి తీసేసి, వేడిగా మళ్ళీ వడ్డించింది. "నీకు ఇష్టమేనా ఆ అమ్మాయి?"

"టీ వేళ కోసం నేను కూడా గడియారం చూస్తాను వదినా."

"ఆ ముక్క ఆ అమ్మాయికి తెలుసా?"

తెలియదు. మధ్యలో ఆదివారం గడిచాక కాలేజీకి వెళితే అతని బల్ల మీద ఆమె చీటీ ఉంది. పరీక్ష రాసేవాళ్ళ జాబితాలోంచి నా పేరు తీసెయ్యండి. అంతే. జాబితా శనివారం మధ్యాహ్నంలోగా ప్రిన్సిపాల్ మేడమ్‌కి అందాలి. ఆ రోజు సోమవారం.

క్లాసులో పిల్లలు తొమ్మిది కాగితాలు ఇచ్చారు. తొమ్మిదీ తెల్లగా ఉన్నాయి. పొడుగు లేచొచ్చి తన ఫోను చూపించాడు.

"సార్, మా కజిన్ మెకానిక్. వాడి షాపుకి వచ్చిన బండి గురించి రాశాను. బండి ముందు దగ్గింది, తర్వాత అలిగింది, తర్వాత నిద్రపోయింది అని రాశాను. మీరు దాన్ని 'వాహనము సక్రమముగా పనిచేయలేదు' అని మార్చారు. అది మా కజిన్ షాపు కాదు. ఆ బండి నాకు తెలీదు. కానీ కింద నా పేరుంది."

మాస్టారు పాత కట్టలన్నీ తీసి వరసగా చదివాడు. దిద్దిన తొమ్మిదిమంది వ్యాసాలూ ఒకే మనిషి రాసినట్టున్నాయి. ఆ మనిషి తనే. అంత విసుగు పుట్టించే మనిషి తనే అని తెలిసి చాలా సిగ్గుపడ్డాడు.

ల్యాబుకి వెళ్ళాడు. ఆమె కంప్యూటర్ తెర మీద ఏదో పేజీ అమరుస్తోంది. అతను ఎదురుగా వెళ్ళి, ఆమె తలెత్తేదాకా ఆగి, క్షమించమని సైగ చేశాడు. చెయ్యి కొంచెం తడబడింది. ముఖం మాత్రం ఆ రోజు సెలవులో లేదు.

"కోపం లేదు మాస్టారూ" అంది ఆమె.

"ఉండాలి."

"లేదు. సిగ్గుగా ఉంది. ఇన్నేళ్ళలో ఇంగ్లీషులో నేను రాసిన మొదటి నిజం అది. మిగతావన్నీ పుస్తకంలో చూసి రాసినవే. పుస్తకంలో చూసి రాస్తే ఎలాగూ తప్పుతున్నాను. నిజం రాసినా తప్పే అయితే పరీక్షలో ఇంకేం రాయను? మూడోసారి తప్పి వెళ్ళిపోయేకంటే ముందే వెళ్ళిపోవడం నయం."

అతనికి చెప్పాల్సింది చాలా ఉంది. వచ్చిన సైగలు సరిపోలేదు. తప్పంతా నాది, మీది కాదు అని మాత్రం అనగలిగాడు. ఆమె తలూపి తెర వైపు తిరిగింది. అతనికి అంతకంటే నిలబడే హక్కు లేదనిపించి వచ్చేశాడు.

మంగళవారం క్లాసులో బెంచీలన్నీ గోడకి జరిపించాడు. కుర్చీలు గుండ్రంగా వేశాడు. ఎర్ర పెన్ను ఇంట్లో పెట్టి వచ్చాడు. "మీలో ఎవరైనా ఒకరు ఏదైనా చెప్పండి, చేతులతో. నాకు అర్థమైంది నేను ఇంగ్లీషులో బోర్డు మీద రాస్తాను. మీరు చెప్పింది అది కాకపోతే కొట్టెయ్యండి. మీరు సరేననేదాకా నేను మళ్ళీ రాస్తాను" అన్నాడు.

అద్దాలమ్మాయి వచ్చింది. వాళ్ళ నాన్న లారీ నడుపుతాడు. సెలవుల్లో నాన్న పక్కన కూర్చుని వెళ్ళిన సంగతి చెప్పింది. మాస్టారు నేను నాన్నతో లారీలో వెళ్ళాను అని రాశాడు. ఆమె చాక్‌పీసు తీసుకుని కొట్టేసింది. లారీ చప్పుడు చేసింది అని రాశాడు. అదీ కొట్టేసింది, చప్పుడుతో నాకేం పని అంది. సీటు మీద కూర్చున్నట్టు కూర్చుని, నడుం మీద చెయ్యి పెట్టి, భుజాలదాకా వణికించింది. మాస్టారు చాలాసేపు చూసి, లారీ నా నడుంతో మాట్లాడింది అని రాశాడు. అద్దాలమ్మాయి ఎగిరి గంతేసింది. ఆ వాక్యాన్ని తన పుస్తకంలోకి ఎక్కించుకుని, దాని కింద సొంతంగా ఇంకో అయిదు రాసింది. రాశాక తనే వచ్చి, వీటిలో తప్పులుంటే చెప్పండి సార్ అని అడిగింది. అడిగాకే అతను చెప్పాడు.

బుధవారం పొడుగు తన బండిని వెనక్కి తెచ్చుకున్నాడు. అది బోర్డు మీద దగ్గింది, అలిగింది, నిద్రపోయింది. సైగలు సరిగ్గా అర్థంకాక మాస్టారు మధ్యలో బండికి పెళ్ళి చేసేస్తే క్లాసంతా పడీపడీ నవ్వింది. గురువారం తలుపు దగ్గర ఎవరో నిలబడినట్టనిపించి చూస్తే, సొట్టబుగ్గ. పది నిమిషాలు చూసి వెళ్ళిపోయింది. అతను పిలవలేదు. పిలవాలని చాలా ఉంది.

శుక్రవారం క్లాసయ్యాక పిల్లలు బస్సు కోసం పరిగెత్తారు. అతను కుర్చీలు సర్దుతుంటే ఆమె లోపలికి వచ్చింది. ఒక కుర్చీ మధ్యకి లాక్కుని కూర్చుంది.

"నేను చెబుతాను. మీరు రాయండి."

అతను చాక్‌పీసు తీసుకున్నాడు. ఆమె చేతులు లేచాయి. గడియారం, నిద్ర, పరుగు, గ్లాసు, వెచ్చదనం. తొందరేం లేకుండా, అతనికి అందేలా చెప్పింది. అతను రాశాడు: టీచర్ టీ తాగుతూ గడియారం చూస్తుంది.

"పోలీసు రిపోర్టులా ఉంది" అని కొట్టేసింది.

టీచర్‌కి టీ వేళంటే చాలా ఇష్టం.

"మధ్యలో టీ ఏం చేసింది?" మళ్ళీ కొట్టేసింది.

అతను చాక్‌పీసు పట్టుకుని బోర్డు వైపు తిరిగాడు. ఏం రాయాలో తెలుసు. చెయ్యి కదలడానికి ధైర్యం కావాలి. టీచర్‌కి ఒకరంటే ఇష్టం అని రాశాడు.

"ఒకరంటే ఎవరు? పేరు లేకుండా నేను రాస్తే తప్పు, మీరు రాస్తే ఒప్పా?"

అతను కొట్టేసి, కింద రాశాడు: ఆమెకి నేనంటే ఇష్టం. రాసి ఆమె వైపు తిరిగాడు. ఈసారి ఆమె కొట్టెయ్యలేదు.

"ఇదీ నేను రాసింది" అంది. "ఇప్పుడు అర్థమైంది మీకు."

"ఆ రోజే అర్థం కావాల్సింది. జవాబు రాయాల్సింది."

"ఇప్పుడు రాయొచ్చు. కాగితం మీద రాయండి. ఇంగ్లీషులోనే. నేను చదువుకోగలను."

మాస్టారు పిల్లల బెంచీ మీద కూర్చున్నాడు. ఆ కాలేజీలో అందరికంటే ఇంగ్లీషు బాగా వచ్చిన మనిషి మూడు కాగితాలు నలిపి పడేశాడు. నాలుగో కాగితం మీద చిన్నచిన్న మాటల్లో రాశాడు. నేను జవాబు ఇవ్వాల్సిన చోట మార్కు ఇచ్చాను. నాకు నువ్వంటే ఇష్టం. నీ వాక్యాలంటే, నీ వెక్కిరింతలంటే ఇష్టం. నువ్వు పరీక్ష రాసినా రాయకపోయినా అది మారదు. కానీ రాయి. కింద తన పేరు పెట్టాడు. ఇంగ్లీషులో నువ్వుకీ మీరుకీ తేడా లేదు కాబట్టి కాగితం మీద తెలియదుగానీ, అతను మాత్రం నువ్వనే రాశాడు.

ఆమె రెండుసార్లు చదివింది. మడిచి బ్యాగులో, మొదటి ఉత్తరం ఉన్న చోటే పెట్టుకుంది. అప్పుడు చెయ్యి చాపింది. పరీక్ష జాబితా ఎక్కడ అని.

"పేరు తియ్యలేదు" అన్నాడు అతను. "మీరు తియ్యమన్నారు. కానీ రేపటిదాకా టైముంది కదా అని."

"మంచిపని చేశారు. పరీక్ష నా కోసం రాస్తాను, మీ కోసం కాదు. గుర్తుంచుకోండి."

"అలాగే. మరి నేను మీ ఇంటికి ఎప్పుడు రావాలి, అమ్మగారితో మాట్లాడటానికి?"

ఆమె నవ్వింది. వారం రోజుల తర్వాత ఆ సొట్ట మళ్ళీ కనిపించింది. "మీరు రావద్దు. ముందు నా కుర్చీ నాకు ఖాయం కానివ్వండి. తర్వాత మీ ఇంటికి నేనే వచ్చి అడుగుతాను."

కిటికీ అవతల ఏదో కదిలినట్టయి చూస్తే, బస్సు ఎక్కాల్సిన తొమ్మిదిమందీ అద్దానికి ముక్కులు ఆనించి ఉన్నారు. సైగల్లో గుసగుసలుండవు. అద్దం అవతలనుంచి అంతా చదివేశారు. దొరికిపోయాక ఇంక దాగేదేముందని చేతులు పైకెత్తి, వేళ్ళు ఆడిస్తూ, వాళ్ళ పద్ధతిలో చప్పట్లు కొట్టారు.

పరీక్షకి ఇంకా నలభై రోజుల టైముంది. ఆ నలభై రోజులూ సొట్టబుగ్గ గుండ్రటి కుర్చీల్లో పిల్లలతోపాటు కూర్చుంది. రోజుకొక పేజీ రాసింది, తప్పులు తనే అడిగి తెలుసుకుంది, విసుగొచ్చిన రోజున పెన్ను విసిరేసింది, మర్నాడు మళ్ళీ తెచ్చుకుంది. ఫలితాలు వచ్చినరోజు జాబితా ముందు నిలబడటానికి భయపడి అద్దాలమ్మాయిని పంపింది. పిల్లల్లో ఏడుగురు పాసయ్యారు, ఇద్దరు మళ్ళీ రాయాలి. పొడుగు పాసయ్యాడు. సొట్టబుగ్గ పాసైంది. గొప్ప మార్కులేం కాదు. కుర్చీకి సరిపోయాయి.

తర్వాతి ఆదివారం ఆమె వాళ్ళమ్మని తీసుకుని మాస్టారింటికి వచ్చింది. వాళ్ళమ్మకి బట్టలు కుట్టే షాపుంది. అన్నయ్య ఆవిడతో షాపు కబుర్లలో పడ్డాడు. సొట్టబుగ్గ నేరుగా వదిన దగ్గరికి వెళ్ళి, బ్యాగులోంచి ఒక కాగితం తీసి రెండు చేతులతో ఇచ్చింది. ఇంగ్లీషులో రాసి ఉంది. మాస్టారికి ముందుగా చూపించలేదు.

మాస్టారు మెడ సాచాడు. వదిన కాగితం అటు తిప్పేసుకుంది.

"నీకెందుకయ్యా? ఉత్తరం రాసింది నాకు."

"ఊరికే, ఏముందోనని."

"ఏముందో నాకు తెలుస్తుంది. కూర్చో."

వదిన నిదానంగా చదివింది. పెదాలు బిగించి నవ్వు ఆపుకుంది. షాపు బ్యాగులోంచి పెన్ను తీసి, ఆ కాగితం మీదే కింద ఏదో రాసి, తిరిగి ఇచ్చింది. సొట్టబుగ్గ చదివింది. చదువుతూనే ఆమె కళ్ళు నిండాయి, సొట్ట పడింది. రెండూ ఒకేసారి జరిగాయి. ఆమె లేచి వదినని గట్టిగా పట్టుకుంది.

"ఏం రాశావు వదినా?" అన్నాడు మాస్టారు.

"జవాబు రాశాను. ఎవరైనా ఉత్తరం రాస్తే అదే కదా రాయాల్సింది."

అప్పుడు సొట్టబుగ్గ కాగితం అతని చేతికిచ్చింది. పైన ఆమె రాత: మీ మరిదిని నాకిస్తారా? జాగ్రత్తగా చూసుకుంటాను.

కింద వదిన రాత: తీసుకెళ్ళమ్మా. మా షాపులో ఒకసారి ఇచ్చిన సరుకు వాపసు తీసుకోం.